చిట్టా, ఆవర్జా, కంప్యూటరు



ప్రభుత్వ కార్యాలయములలో జీవితము గడపువారికి ఫైలనగా నేమో వివరింప నక్కఱలేదు. అట్ట, ట్యాగు, ఎడమవైపున నోటు, కుడివైపున ఉత్తర ప్రత్యుత్తరములు, పేజీల మూలలలో అంకెలు: ఇవి కన్నులు మూసికొన్నను కానవచ్చును. కంప్యూటరును నిర్మించినవారు తమ యంత్రములో సమాచారము నుంచు కట్టకు ఈ పేరునే అరువు తెచ్చుకొనిరి. పేరుతోపాటు కచేరీలోని చిక్కులు కూడ కొన్ని వచ్చి చేరినవి. నేటి ప్రసంగము వానిలో ఒక్క చిక్కును గూర్చినది.

ఒక ఉత్తరమును ‘పంపితిమి’ అని కచేరీలో అన్నపుడు దాని కెన్ని అర్థములున్నవో చూడుడు. సంతకమై ట్రేలో పడినను పంపినట్లే. డిస్పాచి రిజిస్టరులో నంబరు పడినను పంపినట్లే. ప్యూను సంచిలోనికి పోయినను పంపినట్లే. కాని ప్యూను బుక్కులో ఆవలివారి సంతకము పడిన పిమ్మట గాని, ఉత్తరము చేరినదని సాక్ష్యము చెప్పుట కెవరును సాహసింపరు. మొదటి మూడు దశలలో ఏదేని ప్రమాదము కలిగినచో రిజిస్టరులో నంబరు మిగులును, ఉత్తరము మిగులదు. కంప్యూటరు తెఱపై ‘సేవ్ అయినది’ అను మాటయు ఇట్టిదే. అది ఏ దశను గూర్చి చెప్పబడిన మాట యనునదియే ప్రశ్న.

ఈ ప్రశ్న ఇంజనీర్లకు మాత్రమే సంబంధించినది కాదు. నేషనల్ ఇన్‌ఫర్మేటిక్స్ సెంటరువారు రూపొందించిన ఈ-ఆఫీసు పద్ధతిలో నోటు, ముసాయిదా, ఆమోదము అన్నియు తెఱమీదనే జరుగుచున్నవి. సర్వీసు పుస్తకములును క్రమముగ కాగితమునుండి యంత్రములోనికి మాఱుచున్నవి. ముప్పదియైదేండ్ల ఉద్యోగములో ఒక్క సంవత్సరపు నమోదు కనబడనిచో పింఛనుదారు ఎన్ని మెట్లెక్కి దిగవలసివచ్చునో ఈ సభలోనివారికి తెలియును. కాగితపు పుస్తకము చినిగినను, చెదలు తినినను కంటికి కనబడును. యంత్రములో జరిగిన నష్టము చప్పుడు చేయదు.

ముందుగా ఉత్తరము నడచు దారి ఎట్టిదో తెలిసికొందము. ప్రోగ్రాము ‘ఈ ఫైలును వ్రాయుము’ అని కోరగానే, యంత్రమును నడపు మూలవ్యవస్థ ఆ సమాచారమును తన జ్ఞాపకములో, అనగా విద్యుత్తు పోగానే తుడిచిపెట్టుకొనిపోవు చోట, ఉంచుకొని ‘సరే, వ్రాసితిని’ అని బదులు చెప్పును. లినక్సు వ్యవస్థలో సాధారణముగ ముప్పది సెకండ్లవఱకు అది అచ్చటనే వేచియుండవచ్చును. తరువాత డిస్కునకు పంపబడును. డిస్కులోను మఱియొక చిన్న జ్ఞాపకము కలదు. అదియు విద్యుత్తుపై ఆధారపడినదే. అచ్చటికి చేరగానే డిస్కు కూడ ‘వ్రాసితిని’ అనును. అటుపిమ్మట, తన కనుకూలమైన వరుసలో, అసలైన అయస్కాంతపు పొరపైనో ఫ్లాష్ కణములలోనో డిస్కు దానిని నిలుపును. ట్రే, రిజిస్టరు, సంచి: మూడును ఇచ్చట కలవు.

ఈ జాప్యము సోమరితనము వలన కలిగినది కాదు. నిమిషమునకు 7,200 మార్లు తిరుగు డిస్కు ఒక చుట్టు తిరుగుటకు 8 మిల్లీసెకండ్లకు పైగా పట్టును. చదువు ముల్లు ఒక వలయమునుండి మఱియొక వలయమునకు జరుగుటకు మఱికొన్ని మిల్లీసెకండ్లు. కావున చెల్లాచెదరుగనున్న చోట్ల వ్రాయవలసివచ్చినచో సెకండునకు నూఱు వ్రాతలు దాటుట కష్టము. యంత్రపు జ్ఞాపకములో అదే పని సుమారు లక్ష రెట్లు వేగముగ జరుగును. ప్రతి చిన్న వ్రాతకును డిస్కు తీరిక కొఱకు నిలిచియున్నచో కంప్యూటరు, సంతకము కొఱకు అధికారి గది ముందు బెంచిపై కూర్చున్న గుమస్తావలె, దినమంతయు వేచియుండవలసినదే. కావున వాయిదా తప్పదు. వాయిదా వేసినచో, మధ్యలో విద్యుత్తు పోయినపు డేమగును అను ప్రశ్నయు తప్పదు.

తొలినాటి డిస్కు, 1956లో ఐ.బి.ఎం. వారు విడుదల చేసిన రామాక్ యంత్రములోనిది, ఇరువదినాలుగంగుళముల వ్యాసము గల పళ్లెములు ఏబది కలిగి, ఏబది లక్షల అక్షరములను మాత్రము దాచెడిది. అంత స్వల్పమైన నిధికి పెద్ద వ్యవస్థ అక్కఱలేదు. 1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మున్నగువారు ప్రారంభించిన యూనిక్సులో ఫైళ్ల వ్యవస్థ నేటికిని గుర్తింపదగిన రూపమును పొందెను. ప్రతి ఫైలునకును ఒక చిన్న పత్రము. అందు ఫైలు పరిమాణము, యజమాని, తేదీలు, దాని ముక్కలు డిస్కులో ఎచ్చటెచ్చట నున్నవను చిరునామాలు ఉండును. దీనికి ఐనోడ్ అని పేరు. ఫైలు పేరు మాత్రము అందుండదు. అది డైరెక్టరీ యను వేఱొక పట్టికలో నుండును. రికార్డుగదిలో ఇండెక్సు వేఱుగను, కట్టలు వేఱుగను ఉన్నట్లే.

ఈ వ్యవస్థ సరళమైనది, కాని నెమ్మదియైనది. బర్క్‌లీ విశ్వవిద్యాలయములో మెక్‌కూసిక్, జాయ్, లెఫ్లర్, ఫాబ్రీ అనువారు 1984లో ప్రకటించిన వ్యాసములో దాని దుఃస్థితి నంకెలతో చూపిరి. క్రొత్తగ తయారుచేసిన ఫైలు వ్యవస్థ సెకండునకు 175 కిలోబైట్లు అందింపగలిగినను, కొన్ని వారములు వాడిన పిమ్మట 30 కిలోబైట్లకు దిగజారెడిది. కారణము మన రికార్డుగదులలోని కారణమే: ఖాళీ దొరికిన చోటనెల్ల కట్టను త్రోయుట. వారు డిస్కును పేటలుగ విభజించి, ఒక డైరెక్టరీలోని ఫైళ్లు ఒకే పేటలో నుండునట్లు చేసి, ముక్కల పరిమాణమును పెంచి, డిస్కు శక్తిలో 47 శాతము వఱకు వినియోగింపగలిగిరి. నూటికి పది వంతుల చోటు ఎల్లప్పుడు ఖాళీగ నుంచవలెనను నియమమును పెట్టిరి. ఈ నియమము వెనుకనున్న తర్కము నేటి యంత్రములకును వర్తించును. డిస్కును అంచుదాక నింపువారు దాని వేగమును తామే చంపుకొనుచున్నారు.

వేగము హెచ్చినది. క్షేమ మెట్లు? ఒక ఫైలునకు నాలుగు పంక్తులు చేర్చినపుడు డిస్కులో కనీసము మూడు చోట్ల వ్రాయవలసియుండును. ఒకటి, ఆ పంక్తులు. రెండు, ఆ ముక్క ఇపుడు ఖాళీగ లేదని తెలుపు పట్టిక. మూడు, ఫైలు పత్రములో క్రొత్త చిరునామా. మూడును ఒకేసారి వ్రాయుట ఏ డిస్కు తరమును కాదు. నడుమ విద్యుత్తు పోవుట తటస్థించినచో ఏది మిగిలినదను దానినిబట్టి విపరీతములు పుట్టును. పత్రములో చిరునామా పడి, పంక్తులు పడనిచో, ఆ చోట అంతకుముందు చెరపివేసిన మఱియొకరి ఫైలు తాలూకు పాత వ్రాత ఈ ఫైలులో ప్రత్యక్షమగును. రహస్యపు కాగితము అన్యుల ఫైలులో దూరుట ఎట్టిదో చెప్పనక్కఱలేదు. చిరునామా పడి ఖాళీ పట్టిక మాఱనిచో, అదే ముక్క రేపు మఱియొక ఫైలునకు కేటాయింపబడి, రెండును ఒకదాని నొకటి తుడిచివేసికొనును.

పూర్వము దీనికి చికిత్స యొక్కటే. యంత్రము మరల లేచినపుడు డిస్కునంతటిని మొదటినుండి చివఱవఱకు తనిఖీచేయుట. డిస్కులు చిన్నవిగ నున్నంతకాలము ఇది చెల్లినది. అవి పెరిగినకొలది తనిఖీకి గంటలు పట్టసాగెను. గ్రామములో ఒక్క రసీదు కనబడలేదని ఊరి లెక్కలన్నిటిని ఫసలీ ఆరంభమునుండి తిరుగ వ్రాయించినట్లు.

దీనికి దొరికిన మార్గము తెలుగు వర్తకునకును, కరణమునకును క్రొత్తది కాదు. చిట్టా ఆవర్జాలను మాట మన పెద్దలందఱికి పరిచితమే. లావాదేవి జరిగిన వెంటనే జరిగిన వరుసలో చిట్టాలో వ్రాయబడును. తరువాత తీరికగ ఆవర్జాలో ఎవరి పేరిట ఖాతాకు అది ఎక్కింపబడును. ఎక్కించు సమయమున దీపమాఱిపోయినను చింతలేదు. చిట్టా తెఱచి, ఎచ్చటివఱకు ఎక్కినదో చూచి, మిగిలినది ఎక్కించుటే. కంప్యూటరులో ఈ చిట్టాకు జర్నల్ అని పేరు. మాఱుపాట్లన్నిటిని ముందుగ జర్నలులో వరుసగ వ్రాసి, చివఱ ‘ఇంతటితో పూర్తి’ అను ముద్ర వేసి, అటుపిమ్మట వాని వాని స్థానములలో వ్రాయుదురు. విద్యుత్తు పోయి వచ్చినపుడు ముద్రపడిన నమోదులను మరల ఎక్కింతురు. ముద్ర లేని నమోదును విడిచిపెట్టుదురు. తనిఖీకి గంటలకు బదులు సెకండ్లు చాలును. ఆంధ్రప్రదేశములో కరణముల పదవి 1984లో రద్దయినది. చిట్టా మాత్రము వేఱొక కొలువులో కుదురుకొనెను.

ఈ పద్ధతి మొదట డేటాబేసులలో పరిణతి చెందినది. మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన సి. మోహన్, ఐ.బి.ఎం. పరిశోధనశాలలోని సహచరులతో కలసి 1992లో ప్రకటించిన ఏరీస్ పద్ధతి ఈ శాస్త్రమున ప్రమాణగ్రంథము వంటిది. ఫైళ్ల వ్యవస్థలలోనికి ఇది జెరాక్స్ వారి సీడర్ వ్యవస్థ ద్వారా 1987లోనే ప్రవేశించినది. స్టీఫెన్ ట్వీడీ లినక్సు కొఱకు నిర్మించిన ఎక్స్‌ట్-3 వ్యవస్థ 2001లో ప్రధాన లినక్సులో చేరుటతో సామాన్యుల యంత్రములకును దక్కినది.

ఇచ్చట పెక్కుమంది పొరపడు విషయ మొకటి కలదు. జర్నల్ ఉన్న వ్యవస్థలో సమాచారమునకు నష్టము లేదని తలచెదరు. సాధారణముగ జర్నలులో వ్రాయునది ఫైలులోని విషయమును కాదు. పట్టికలను, పత్రములను, చిరునామాలను మాత్రమే. విషయమును సైతము రెండుమార్లు వ్రాసినచో వేగము సగమునకు పడునని భయము. కనుక విద్యుత్తు పోయిన పిమ్మట రికార్డుగది ఇండెక్సు సరిగ నుండునని జర్నల్ హామీ ఇచ్చుచున్నది. కట్టలో మీ నోటు ఉండునని కాదు.

ఈ భేదము 2009లో బయటపడినది. ఎక్స్‌ట్-3 స్థానమున వచ్చిన ఎక్స్‌ట్-4, వేగము కొఱకు, ఫైలు ముక్కలకు చోటు కేటాయించుటను కూడ వాయిదా వేయసాగెను. ఎన్నో ప్రోగ్రాములు పాత ఫైలు స్థానమున క్రొత్త దానిని పెట్టునపుడు, అది డిస్కునకు చేరినదా యని అడుగకయే పేరు మార్చివేయుచుండెను. యంత్రము ఆకస్మికముగ ఆగినపుడు పేరు మాఱియుండెను, విషయము చేరియుండలేదు. తెఱచి చూచిన ఫైలులో సున్న అక్షరములు. వాడుకరులు ఫైలు వ్యవస్థను నిందించిరి. దానిని రూపొందించినవారిలో ముఖ్యుడగు థియొడర్ త్సో, నియమము ప్రకారము ప్రోగ్రాములదే తప్పని వాదించెను. ఐనను సాధారణ సందర్భములలో రక్షణ కలుగునట్లు వ్యవస్థను సవరించెను. నియమము ఆయన పక్షముననే యున్నది. కాని నష్టపోయినవానికి నియమావళి చూపుట పాలకునకు శోభింపదు, సవరించుటయే ఉచితము.

ఆ నియమమేమి? ప్యూను బుక్కు వంటిది ఒకటి యంత్రములో కలదు. దాని పేరు ఎఫ్‌సింక్. ‘ఈ ఫైలు విషయము నిజముగ డిస్కుపై నిలుచువఱకు నాకు జవాబు చెప్పవలదు’ అని ప్రోగ్రాము అడుగు ఆజ్ఞ అది. సరియైన క్రమము ఇట్లుండును: క్రొత్త విషయమును తాత్కాలికమైన పేరుతో వ్రాయుట, ఎఫ్‌సింక్ అడుగుట, జవాబు వచ్చిన పిమ్మట పేరు మార్చుట, ఆపై డైరెక్టరీకిని ఎఫ్‌సింక్ అడుగుట. నాలుగు మెట్లలో ఒకటి తప్పినను ప్రమాదమే. 2014లో తణుమలయన్ పిళ్లై మున్నగువారు పదునొకండు ప్రసిద్ధ ప్రోగ్రాములను ఈ దృష్టితో పరీక్షించి అఱువది లోపములను కనుగొనిరి. ఆ ప్రోగ్రాములు అనుభవము లేనివారు వ్రాసినవి కావు.

ఇక ప్యూను బుక్కులోని సంతకమే నమ్మదగినది కాదని తేలినచో? అదియు జరిగినది. పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసు ప్రపంచమందంతటను ప్రభుత్వములు, బ్యాంకులు, విద్యాసంస్థలు వాడునది. ఎవరైన ఉచితముగ పొందగలది. క్షేమ విషయమున మిక్కిలి పట్టుదల గలదని పేరొందినది. 2018 మార్చిలో క్రెయిగ్ రింగర్ అను దాని నిర్మాతలలో నొకడు, డిస్కు చెడిన ఒక సందర్భమును పరిశీలించుచు, విచిత్రమైన సంగతిని సహచరుల ముందుంచెను.

పోస్ట్‌గ్రెస్ తన చిట్టాలో వ్రాసిన లావాదేవీలను కొంతకాలమున కొకమారు ఆవర్జా ఫైళ్లలో ఎక్కించి, ఎఫ్‌సింక్ అడిగి, ‘చేరినది’ అని జవాబు రాగానే ఆ భాగమునకు చిట్టా ఇక అక్కఱలేదని తలచును. డిస్కు లోపము వలన ఎఫ్‌సింక్ ‘విఫలము’ అని చెప్పినచో కొంతసేపాగి మరల అడుగును. రెండవమారు ‘చేరినది’ అని వచ్చినచో సంతోషించి చిట్టాను వదలుకొనును. ఇది సమంజసముగనే కనబడును. కాని లినక్సు నడక వేఱు. వ్రాత విఫలమైనపుడు అది, జ్ఞాపకములోనున్న ఆ పుటపై ‘ఇంకను వ్రాయవలసినది’ అను గుర్తును తొలగించి, తప్పును ఒక్కమారు మాత్రమే తెలిపెడిది. రెండవమారు అడిగినపుడు, వ్రాయవలసినది ఏదియు మిగులలేదు గనుక ‘అంతయు సరిగనున్నది’ అని బదులు చెప్పెడిది. మొదటి ఉత్తరము పోయినది. రెండవమారు విచారించినపుడు ట్రే ఖాళీగ నుండుటను చూచి గుమస్తా ‘బకాయి లేదు’ అని వ్రాసి యిచ్చినట్లు.

మూలవ్యవస్థవారి వాదమును త్రోసిపుచ్చుటకు వీలులేదు. ఎవరో పెన్‌డ్రైవును ఊడబెఱికికొనిపోయినచో, చేరవలసిన పుటలను జ్ఞాపకములో శాశ్వతముగ పట్టుకొని కూర్చున్న యంత్రము ఊపిరాడక ఆగిపోవును గదా. ఉభయులును తమ తమ హద్దులలో సహేతుకముగనే నడచిరి. హద్దుల నడుమ సమాచారము పోయినది. సుమారు ఇరువది సంవత్సరములు ఎవరును దీనిని గమనింపకుండుటయే ఆశ్చర్యము. 2019 ఫిబ్రవరిలో పోస్ట్‌గ్రెస్ మార్గము మార్చుకొనెను. ఎఫ్‌సింక్ ఒకమారు విఫలమైనచో మరల అడుగదు. వెంటనే తనను తాను ఆపివేసికొని, మరల లేచి, చిట్టానుండి అన్నియు తిరుగ ఎక్కించును. ఆవర్జా సందేహాస్పదమైనపుడు చిట్టాను నమ్ముటకంటె వేఱు దారి లేదు. 2020లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమువారు మూడు ఫైలు వ్యవస్థలను, ఐదు ప్రోగ్రాములను ఇదే విషయమున పరీక్షించి, ఏ ప్రోగ్రామును పూర్తిగ తట్టుకొనజాలదని తేల్చిరి.

ఇంతవఱకు చెప్పినది వ్రాత చేరుటను గూర్చినది. చేరిన వ్రాత చెడకుండ నుండునా యనునది మఱియొక ప్రశ్న. 2008లో బైరవసుందరం మున్నగు పరిశోధకులు 15.3 లక్షల డిస్కులను 41 నెలలపాటు పరిశీలించిన లెక్కలను ప్రకటించిరి. డిస్కు ఏ ఫిర్యాదును చేయకయే తప్పు సమాచారమును తిరిగి యిచ్చిన సందర్భములు నాలుగు లక్షలకు పైబడెను. ఏదో ఒక అక్షరము మాఱవచ్చును. వ్రాత వేఱొక చోట పడవచ్చును. అసలు వ్రాయకయే వ్రాసితినని డిస్కు చెప్పియుండవచ్చును.

దీనిని పట్టు ఉపాయము మన పద్యములోనే కలదు. ఉత్పలమాల పాదమున ఇరువది అక్షరములు. పదవ అక్షరమున యతి. రెండవ అక్షరమున ప్రాస. తాటియాకుపై వ్రాయువాడు ఒక్క అక్షరము వదలినచో గణము విఱుగును. ప్రాసాక్షరము మాఱినచో చెవికే తెలియును. వచనములో జారిపోయిన అక్షరము పద్యములో దొరికిపోవును. కవి ఛందస్సును అందము కొఱకు పెట్టుకొన్నను, లేఖకుల తప్పులకు అది కాపలా కాచినది. సన్ సంస్థలో జెఫ్ బాన్విక్, మాథ్యూ అరెన్స్ రూపొందింపగా 2005లో వెలువడిన జెడ్.ఎఫ్.ఎస్. అను వ్యవస్థలో ప్రతి ముక్కకును గణితముచే తీసిన ఒక సరిచూపు సంఖ్య ఉండును. దానిని ఆ ముక్క ప్రక్కన ఉంచరు. ఆ ముక్క చిరునామా నుంచిన పై పత్రములో ఉంచుదురు. ముక్కయు సంఖ్యయు ఒకే చోట నున్నచో, పాత ముక్క అట్లే మిగిలినపుడు పాత సంఖ్యయు దానికి సరిపోయి మోసము జరుగును. పైవాని దగ్గఱ నకలు ఉన్నపుడే క్రిందివాని లెక్కకు తనిఖీ.

యతిప్రాసలు తప్పును చూపును గాని ఒప్పును చెప్పవు. సరియైన పాఠము కావలెనన్నచో మఱియొక ప్రతి యుండవలెను. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి, ఒక్కొక్క కావ్యమునకు పలు ప్రతులను తెప్పించి, పాఠములను పోల్చి చూపించినది ఇందుకే. జెడ్.ఎఫ్.ఎస్. కూడ రెండు డిస్కులలో ఒకే సమాచార ముంచినపుడు, సంఖ్య సరిపోని ప్రతిని త్రోసివేసి, సరిపోయిన ప్రతినుండి దానిని తిరుగ వ్రాయును. ఈ వ్యవస్థకు మఱియొక గుణమును కలదు. ఉన్న వ్రాతపై ఎన్నడును వ్రాయదు. తాటాకు కట్టలో ఒక ఆకును గోకి దిద్దక, క్రొత్త ఆకు వ్రాసి, అది సిద్ధమైన పిమ్మటనే త్రాడు విప్పి మార్చినట్లు, మాఱిన ముక్కను ఖాళీ చోట వ్రాసి, దాని చిరునామా గల పత్రమును క్రొత్తగ వ్రాసి, చిట్టచివఱ మూలపత్రమును ఒక్కటి మార్చును. దీపమాఱినచో పాత కట్ట అట్లే యుండును. 2009లో లినక్సులో చేరిన బి.టి.ఆర్.ఎఫ్.ఎస్. అనునదియు ఈ త్రోవనే పోవునది. ఈ మార్గమున ఫైళ్లు డిస్కంతట చెదరుట, చోటు తఱిగినపుడు వేగము పడిపోవుట దోషములు.

నేటి ఎస్.ఎస్.డి.ల సంగతి ఇంకను విచిత్రము. ఇవి తిరుగు పళ్లెములు కావు, ఫ్లాష్ కణములు. నాండ్ ఫ్లాష్‌ను తొషిబాలో ఫుజియో మసువొకా బృందము 1987లో ప్రకటించెను. బడి పిల్లల పలకను ఊహింపుడు. దానిపై ఒక్కొక్క పంక్తిని వేఱువేఱుగ వ్రాయవచ్చును. తుడుచునపుడు మాత్రము పలకనంతటిని తుడువవలెను. తుడిచినకొలది పలక అరుగును. కొన్ని వేల మార్లు తుడిచిన పిమ్మట పనికిరాదు. కావున ఎస్.ఎస్.డి.లోని చిన్న కంప్యూటరు, మీరు పాత చోట వ్రాయుమన్నను, క్రొత్త చోటనే వ్రాసి, ఏది ఎచ్చట నున్నదో తనలో పట్టిక నుంచుకొనును. తీరిక సమయమున పనికివచ్చు పంక్తులను మఱియొక పలకకు ఎత్తి వ్రాసి, పాత పలకను తుడుచును. అనగా పైన ఒక ఫైలు వ్యవస్థ, లోపల కనబడని మఱియొక వ్యవస్థ. సామ్‌సంగ్ సంస్థ 2012లో వెలువరించిన ఎఫ్-2-ఎఫ్.ఎస్. ఈ నడకకు అనుగుణముగ వరుసగ వ్రాయునట్లు నిర్మింపబడినది.

ఈ రెండు వ్యవస్థల నడుమ ఒక మర్యాద అవసరము. ఫైలును చెరపినపుడు పై వ్యవస్థ తన పట్టికలో మాత్రమే కొట్టివేయును. లోపలిదానికి ఆ సంగతి తెలియదు. సెక్షనులో గడువు తీరిన ఫైళ్ల జాబితాను రికార్డుగదికి పంపనిచో, అచ్చటివారు మృతమైన కట్టలనే ఒక అలమారనుండి మఱియొక అలమారకు ఏండ్ల తరబడి మోయుదురు. ఆ జాబితాను పంపు ఆజ్ఞకు ట్రిమ్ అని పేరు. అది పంపబడినపుడు డిస్కునకు శ్రమయు అరుగుదలయు తగ్గును. కాని పొరపాటున చెరపిన ఫైలును తిరిగి రాబట్టుట ఇంచుమించు అసాధ్యమగును. పాత డిస్కులలో దొరకెడి అవకాశము ఇందు లేదు.

విద్యుత్తు పోయినపుడు ఆ లోపలి పట్టికయే దెబ్బతినినచో ఒక ఫైలు కాదు, డిస్కు మొత్తము పోవచ్చును. 2013లో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయము, హెచ్.పి. పరిశోధనశాలలకు చెందినవారు ఐదు కంపెనీల ఎస్.ఎస్.డి.లు పదునైదింటిని తీసికొని మూడువేలకు పైగా మార్లు విద్యుత్తును త్రెంచి చూచిరి. పదమూడు వికారముగ ప్రవర్తించెను. అక్షరములు చెడుట, సగము వ్రాతలు, వరుస తప్పుట, ఒకటి పూర్తిగ మూగవోవుట కూడ కనబడెను. పెద్ద సర్వర్లకు తగిన డిస్కులలో కెపాసిటర్లు అమర్చుదురు. విద్యుత్తు పోయిన క్షణమున జ్ఞాపకములో నున్నది వ్రాసి ముగించుటకు చాలినంత శక్తి వానిలో నిలువయుండును. అట్టి డిస్కునకు ఎఫ్‌సింక్ జవాబు చెప్పుట కూడ శీఘ్రమే. ఖరీదు హెచ్చని కొనుగోలు శాఖలు వీనిని కొట్టివేయుట కలదు. సర్వీసు పుస్తకములుండు యంత్రమున ఆ పొదుపు తగదు.

గృహములలో వాడుకొనువారికి కొన్ని మాటలు. పెన్‌డ్రైవును ఊడదీయుటకు ముందు ‘సురక్షితముగ తీయుము’ అను ఆజ్ఞ నిచ్చుట ఆచారము మాత్రమే కాదు. ట్రేలో మిగిలిన ఉత్తరములను పంపించుటయే అది. రెండు డిస్కులలో ఒకే సమాచార ముంచు ఏర్పాటు ఒక డిస్కు చెడినపుడు ఆదుకొనును. కాని పొరపాటున చెరపిన ఫైలు రెండింటను ఒకే క్షణమున చెరగిపోవును. కావున వేఱొక నకలు, వీలైనచో వేఱొక ఇంట, ఉండవలసినదే. పెండ్లి ఫొటోలు, ఇంటి దస్తావేజుల నకళ్లు ఎస్.ఎస్.డి.లో నుంచి బీరువాలో పెట్టి మఱచువారు కలరు. ఫ్లాష్ కణములలో విద్యుదావేశము మెల్లగ కారిపోవును. జెడెక్ సంస్థ ప్రమాణము ప్రకారము, నిర్ణీత ఆయువంతయు వాడి అరిగిన గృహోపయోగపు ఎస్.ఎస్.డి., విద్యుత్తు లేకుండ 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక సంవత్సరము సమాచారమును నిలుపుకొనిన చాలును. క్రొత్త డిస్కు అంతకంటె చాలకాలము నిలుపును. వేడి హెచ్చినకొలది ఆ గడువు తగ్గును. మే మాసమున బెజవాడలోనో రామగుండములోనో మూసిన గదిలోని ఇనుప బీరువా ఎంత వేడెక్కునో ఊహింపవచ్చును. చిరకాలము దాచవలసిన నకలునకు తిరుగు పళ్లెముల డిస్కే మేలు. దేనిలో నుంచినను, ఏటికొకమారు దానిని యంత్రమునకు తగిలించి, ఫైళ్లన్నిటిని మొదటినుండి చివఱవఱకు చదివించి చూడవలెను. జాబితా కనబడుట చాలదు.